చల్లని పెట్టెలో నిప్పు: వెనక్కి పిలిస్తే వచ్చేవెన్ని?

చట్టంలో 'రీకాల్' ఉంది... ఏ ఫ్రిజ్ ఎవరి ఇంట ఉందో చెప్పే చిట్టా లేదు

ఇంట్లోని విద్యుత్ పరికరాలలో ఏడాది పొడవునా, రేయింబవళ్లు స్విచ్ కట్టేయకుండా ఉంచేది ఫ్రిజ్. టీవీకి, మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు పని ముగియగానే విరామం దొరుకుతుంది. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నా, తలుపుకు తాళం వేసి ఊరెళ్లినా ఫ్రిజ్ మాత్రం దానంతటదే ఆగుతూ, దానంతటదే మొదలవుతూ ఉంటుంది. అందులో లోపం తలెత్తితే కనిపెట్టే మనిషి ఎదుట లేని వేళ అది బయటపడే అవకాశమే ఎక్కువ.

ఫ్రిజ్‌ల వల్ల అగ్నిప్రమాదాలు అరుదన్నది నిజం. కోట్లాది ఇళ్లలో అవి ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేస్తున్నాయి. సమస్య మరోచోట ఉంది. ఫలానా మోడల్‌లో తయారీ లోపం ఉన్నట్లు తేలినప్పుడు, అప్పటికే అమ్ముడుపోయిన లక్షల యంత్రాలను ఇళ్లలోంచి ఎలా రప్పించాలన్న ప్రశ్నకు సంపన్న దేశాలే సంపూర్ణ సమాధానం కనుగొనలేకపోయాయి. మన దేశంలో చట్టం ఉంది, ఆదేశించే అధికారమూ ఉంది. ఏ యంత్రం ఎవరి వంటింట్లో ఉందో చెప్పగల ఉమ్మడి చిట్టా మాత్రం లేదు.

నాలుగో అంతస్తులో మొదలైన మంట

ఫ్రిజ్ భద్రత ప్రపంచవ్యాప్తంగా చర్చకు రావడానికి కారణమైన ఘటన 2017 జూన్ 14న లండన్‌లో జరిగింది. ఉత్తర కెన్సింగ్టన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో, నాలుగో అంతస్తు ఫ్లాటు వంటగదిలో మంటలు లేచాయి. అర్ధరాత్రి దాటాక 12.54కు అగ్నిమాపక దళానికి తొలి ఫోన్ అందింది. 1.27 కల్లా మంట భవనం తూర్పు ముఖం మీదుగా పైకప్పును తాకింది. ఈ దుర్ఘటన 72 మందిని బలిగొంది.

విశ్రాంత న్యాయమూర్తి సర్ మార్టిన్ మూర్-బిక్ నేతృత్వంలోని విచారణ సంఘం 2019 అక్టోబరులో తొలి దశ నివేదికను వెలువరించింది. వంటగదిలోని పెద్ద ఫ్రిజ్-ఫ్రీజర్‌లో తలెత్తిన విద్యుత్ లోపమే మంటకు మూలమని తేల్చింది. ఆ ఇంటి వాసి తప్పేమీ లేదని స్పష్టం చేసింది. లోపం కచ్చితమైన స్వభావాన్ని మాత్రం నిర్ధారించలేదు. ఒక వంటగదికి పరిమితం కావలసిన మంట భవనాన్ని చుట్టేయడానికి ప్రధాన కారణం గోడలకు వెలుపల బిగించిన పాలిథిలిన్ పొర గల అల్యూమినియం పలకలని పేర్కొంది. అంటే ఇన్ని ప్రాణాలు పోవడానికి ఫ్రిజ్ ఒక్కటే కారణం కాదు. మంటను మొదలుపెట్టింది అదైతే, దావానలం చేసింది భవన నిర్మాణంలోని నిర్లక్ష్యం.

ఆ ఫ్రిజ్ హాట్‌పాయింట్ ఎఫ్‌ఎఫ్‌175బీపీ మోడల్. 2006-09 మధ్య తయారైన ఈ మోడల్, దాని జంట మోడల్ కలిపి సుమారు 64 వేలు అమ్ముడయ్యాయి. తయారు చేసిన ఇండెసిట్ సంస్థ 2014లో వర్ల్‌పూల్ చేతికి వచ్చింది. ఘటన తర్వాత బ్రిటన్ ప్రభుత్వం ఈ మోడల్‌ను పరీక్షింపజేసింది. ముప్పు స్వల్పమేననీ, రీకాల్ అవసరం లేదనీ 2018 మేలో ప్రకటించింది. అంతటి ఘోరం తర్వాత కూడా ఒక మోడల్‌ను వెనక్కి పిలవాలా, వద్దా అన్నది ఎంత చిక్కు ప్రశ్నో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒక యంత్రంలో లోపం తలెత్తడం వేరు, ఆ మోడల్ మొత్తానికీ లోపం ఉందని నిరూపించడం వేరు.

పిలుపు వెళ్లినా కదలనివే ఎక్కువ

లోపం రుజువై, కంపెనీయే ముందుకొచ్చి రీకాల్ ప్రకటించిన సందర్భాలూ అనేకం ఉన్నాయి. 2009 మార్చిలో అమెరికాలో మేట్యాగ్ సంస్థ సుమారు 16 లక్షల ఫ్రిజ్‌లకు రీకాల్ ప్రకటించింది. కంప్రెసర్‌ను ప్రారంభించే రిలే అనే చిన్న భాగం వేడెక్కి కాలిపోతోందన్నది కారణం. రిలే అంటుకున్నట్లు 41 ఫిర్యాదులు రాగా, వాటిలో 16 చోట్ల ఆస్తినష్టం జరిగింది. అదే ఏడాది అక్టోబరులో దక్షిణ కొరియాలో ఒక ఇంట ఫ్రిజ్ పేలిన ఘటన తర్వాత శామ్‌సంగ్ ఆ దేశంలో 2.10 లక్షల ఫ్రిజ్‌లను వెనక్కి పిలిచి మరమ్మతు చేసేందుకు సిద్ధమైంది. 2025 జులైలో అమెరికాలో ఫ్రిజిడేర్ పేరుతో అమ్ముడైన చిన్న ఫ్రిజ్‌లు 6.34 లక్షల వరకు రీకాల్ జాబితాకెక్కాయి. లోపలి విద్యుత్ భాగాలు షార్ట్ కావడం, పొగ, మంటలు వంటివి కనీసం 26 ఘటనలు నమోదైన తర్వాత ఈ నిర్ణయం వెలువడింది.

రీకాల్ ప్రకటనకు, రీకాల్ జరగడానికి మధ్య ఎంత దూరం ఉందో బ్రిటన్‌లోని బెకో ఉదంతం చాటుతుంది. ఈ సంస్థ 2000-06 మధ్య తయారుచేసిన కొన్ని ఫ్రిజ్-ఫ్రీజర్లలో మంచు కరిగించే టైమర్ స్విచ్‌లోకి నీరు చేరి షార్ట్ సర్క్యూట్ అవుతోందని బయటపడింది. 2010 నవంబరులో ఉత్తర లండన్‌లోని వీల్డ్‌స్టోన్‌లో ఈ రకమైన ఫ్రిజ్ నుంచి మంటలు లేచి, భార్యాపిల్లలను కాపాడుకోవడానికి ప్రయత్నించిన ఒక తండ్రి ప్రాణాలు కోల్పోయారు. 2011లో సుమారు 5 లక్షల యంత్రాలకు సంబంధించి బహిరంగ హెచ్చరిక జారీ అయింది. అప్పటికి వాటిలో కొన్ని పదకొండేళ్ల పాతవి. మొదటి యజమాని ఇల్లు మారి ఉండవచ్చు, అద్దె ఇంట వదిలి వెళ్లి ఉండవచ్చు, ఎవరికో అమ్మేసి ఉండవచ్చు. కంపెనీ రాసిన ఉత్తరం పాత చిరునామాకు చేరుతుంది. ఫ్రిజ్ మరో చిరునామాలో నడుస్తూ ఉంటుంది.

బ్రిటన్‌లో విద్యుత్ ప్రమాదాల నివారణకు పనిచేస్తున్న ఎలక్ట్రికల్ సేఫ్టీ ఫస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చాలాకాలంగా ఒక అంచనాను ముందుంచుతోంది. విద్యుత్ పరికరాల రీకాల్‌లో సాధారణంగా వెనక్కి వచ్చేవి లేదా సరిచేయించుకునేవి 10 నుంచి 20 శాతమే. అంటే పదింట ఎనిమిది లోపభూయిష్ట యంత్రాలు, లోపం ఉందని లోకానికి తెలిసిన తర్వాత కూడా ఇళ్లలోనే ఉండిపోతున్నాయన్నమాట. దీన్ని గుర్తించే అక్కడి తయారీదారుల సంఘం 2015లో, పాతదైనా కొత్తదైనా ప్రతి పరికరం వివరాలను యజమాని నమోదు చేసుకునే ఉమ్మడి ఏర్పాటును ప్రారంభించింది. గ్రెన్‌ఫెల్ అనంతరం 2018 జనవరిలో వస్తువుల భద్రతకు ప్రత్యేక జాతీయ కార్యాలయం ఏర్పాటైంది.

మంట పుట్టేది ఎక్కడ?

ఫ్రిజ్ ముందుభాగం ఎంత అందంగా ఉన్నా, భద్రతకు సంబంధించిన సంగతులన్నీ వెనుకభాగంలోనే ఉంటాయి. అడుగున నల్లటి ఉక్కు డొల్లలో కంప్రెసర్ ఉంటుంది. దాని పక్కనే రిలే, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, కొన్నింటిలో కెపాసిటర్, తీగల అతుకులు ఉంటాయి. కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ క్షణకాలం పాటు మామూలు కంటే అనేక రెట్లు కరెంటు లాగుతుంది. తీగ అతుకు వదులైతే ఆ చోట వేడి పుడుతుంది. రోజుకు పదుల సార్లు, ఏళ్ల తరబడి ఇది జరిగితే అతుకు కమిలి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మాడిపోతుంది.

మన జిల్లాల్లో దీనికి తోడయ్యేది వోల్టేజీ హెచ్చుతగ్గులు. వోల్టేజీ పడిపోయినప్పుడు కంప్రెసర్ తిరగలేక మొరాయిస్తుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్రొటెక్టర్ 'టక్'మని ఆపుతుంది, చల్లారాక మళ్లీ ప్రయత్నిస్తుంది. చాలా ఇళ్లలో వేసవి రాత్రుల్లో వినిపించే ఆ శబ్దం, లోపలి భాగాలు పడుతున్న ఒత్తిడికి సంకేతం. ఫ్రాస్ట్ ఫ్రీ రకాల్లో మంచు కరిగించడానికి హీటర్ ఉంటుంది. నీరు, వేడి, విద్యుత్తు పక్కపక్కనే పనిచేసే చోటు అది. వీటికి తోడు ఎలుకలు కొరికిన తీగలు, వెనుక పేరుకున్న దుమ్ము, గోడకు ఆనించి పెట్టడం వల్ల వేడి పోయే దారి లేకపోవడం ప్రమాదానికి ఆజ్యం పోస్తాయి.

నిప్పురవ్వ పుట్టడం ఒక ఎత్తు, అది పెద్ద మంటగా మారడం మరో ఎత్తు. ఫ్రిజ్ గోడల మధ్య చల్లదనం నిలవడానికి పాలీయురెథేన్ నురుగును నింపుతారు. లోపలి పెట్టె ప్లాస్టిక్. ఇవి అంటుకుంటే మంట వేగంగా పెరగడమే కాదు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి. నిద్రలో ఉన్నవారు మంట సోకక ముందే పొగకు స్పృహ తప్పడానికి కారణం ఇదే. వెనుకభాగం లోహపు రేకుతో మూసి ఉంటే కింద పుట్టిన మంట నురుగును చేరడానికి సమయం పడుతుంది. పలుచని ప్లాస్టిక్ అయితే ఆ అడ్డు ఉండదు. అందుకే లండన్ అగ్నిమాపక దళం, వినియోగదారుల సంస్థ 'విచ్?' ప్లాస్టిక్ వెనుకభాగం గల ఫ్రిజ్‌లపై ఏళ్ల తరబడి ఆందోళన వ్యక్తం చేశాయి. 2019లో అక్కడ ప్రమాణాలను కట్టుదిట్టం చేశారు.

మన దుకాణాల్లో కొనుగోలుదారు అడిగేవి లీటర్లు, రంగు, స్టార్ల సంఖ్య. స్టార్ గుర్తులు విద్యుత్ ఆదాకు కొలమానాలే తప్ప నిప్పు నుంచి రక్షణకు కావు. ఐదు నక్షత్రాల ఫ్రిజ్ వెనుకభాగం దేనితో తయారైందో ఆ లేబుల్ చెప్పదు.

గ్యాస్ మారింది... పనితీరూ మారాలి

ఫ్రిజ్‌లో తిరిగే గ్యాస్ విషయంలో ప్రజల్లో భయమూ ఉంది, అపోహా ఉంది. ఒకప్పుడు వాడిన ఆర్-12 మండేది కాదు, కానీ ఓజోన్ పొరను దెబ్బతీసేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాన్ని సాగనంపింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. భూతాపాన్ని మాత్రం బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు మించి పెంచుతుంది. ఇప్పుడు ఇళ్లలోని కొత్త ఫ్రిజ్‌లలో విస్తారంగా వాడుతున్నది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. పర్యావరణానికి దాదాపు హాని లేనిది, విద్యుత్తునూ ఆదా చేస్తుంది. కానీ ఇది మండే వాయువు. వంటగ్యాస్‌కు దగ్గరి బంధువు.

దీని పరిమాణం తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది సాధారణంగా కొన్ని పదుల గ్రాములు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పరిమితి 150 గ్రాములు. పక్కనే ఉండే వంటగ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటుంది. ఫ్రిజ్‌లో 50 గ్రాములున్నదనుకుంటే, అది సిలిండర్‌లో 284వ వంతు. అంత గ్యాస్ ఒక్కసారిగా బయటికొచ్చినా గాలి ఆడే గదిలో కలిసిపోతుంది. అయితే అది గాలి కంటే బరువైనది, నేలబారున నిలుస్తుంది. గాలిలో దాదాపు 1.8 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. మూసి ఉన్న ఫ్రిజ్ లోపలే లీకైతే, 250 లీటర్ల అరకు పది, పన్నెండు గ్రాములే సరిపోతాయి. వంటగ్యాస్‌కు కలిపే ఘాటైన వాసన దీనికి కలపరు కనుక ముక్కు పసిగట్టలేదు.

కర్మాగారం నుంచి వచ్చిన యంత్రంలో ఈ ముప్పును దృష్టిలో ఉంచుకునే స్విచ్‌లను, రిలేలను రూపొందిస్తారు. చిక్కు మరమ్మతుతో మొదలవుతుంది. గ్యాస్‌ను పూర్తిగా తొలగించకుండానే గొట్టానికి వెల్డింగ్ మంట చూపడం, ఆర్-134ఏ ఉండవలసిన యంత్రంలో ఆర్-600ఏ నింపడం, కాలిపోయిన రిలే స్థానంలో ఏదో ఒకటి బిగించడం ప్రాణాంతకం. పాత పద్ధతిలో చేయి తిరిగిన మెకానిక్‌కు కొత్త గ్యాస్ స్వభావం నేర్పడం ప్రభుత్వ బాధ్యత. 2019 మార్చిలో ప్రకటించిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి లక్ష మంది సర్వీసింగ్ సాంకేతికులకు శిక్షణ, ధ్రువీకరణ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇంటికి వచ్చిన మెకానిక్‌ను ఆ ధ్రువపత్రం ఉందా అని అడిగే అలవాటు మనకింకా రావలసి ఉంది.

'కంప్రెసర్ పేలింది' దగ్గరే ఆగుతున్న కథ

2022 నవంబరులో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లా గూడువాంచేరిలో ఒక ఇంట ముగ్గురు మరణించారు. ఫ్రిజ్ కంప్రెసర్ పేలి, కమ్ముకున్న పొగకు ఊపిరాడక చనిపోయారన్నది నాటి వార్తల సారాంశం. 2023 అక్టోబరులో పంజాబ్‌లోని జలంధర్‌లో ఒక ఇంట జరిగిన పేలుడు ఆరుగురిని బలిగొంది. అప్పుడూ తొలి అనుమానం ఫ్రిజ్ కంప్రెసర్ మీదకే వెళ్లింది.

కంప్రెసర్ అనేది దళసరి ఉక్కు డొల్ల. అది బాంబులా పేలడం కంటే, లీకైన గ్యాస్ నిప్పురవ్వకు అంటుకోవడం, విద్యుత్ లోపం నుంచి నురుగు అంటుకోవడం జరిగే అవకాశాలే ఎక్కువ. మన వంటిళ్లలో మరో అవకాశమూ ఉంది. రాత్రి సిలిండర్ నుంచి వంటగ్యాస్ లీకై గదంతా నిండితే, దానంతటదే మొదలయ్యే ఫ్రిజ్ రిలేలోని చిన్న రవ్వే దాన్ని అంటించగలదు. అప్పుడు ఫ్రిజ్ ధ్వంసమై కనిపిస్తుంది, నేరం దాని మీద పడుతుంది. అసలు లోపం సిలిండర్ రబ్బరు గొట్టానిదై ఉంటుంది. దీనికి విరుద్ధంగానూ జరగవచ్చు. తప్పంతా సిలిండర్ మీదకు నెట్టేసి, నిజంగా లోపమున్న ఫ్రిజ్ మోడల్ తప్పించుకోవచ్చు.

ఈ రెంటి మధ్య తేడా తేల్చడం బీమా కోసమో, నష్టపరిహారం కోసమో మాత్రమే కాదు. అదే మోడల్ వేల ఇళ్లలో ఉంటుంది కనుక తేల్చాలి. 'షార్ట్ సర్క్యూట్' అన్న ఒక్క మాటతో దస్త్రం మూసేస్తే, ఒక జిల్లాలో జరిగిన ప్రమాదానికీ, మూడు నెలల తర్వాత మరో జిల్లాలో జరిగిన ప్రమాదానికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. మేట్యాగ్ విషయంలో రిలే దోషి అని తేలిందంటే 41 ఫిర్యాదులు ఒక్కచోట పోగుపడటం వల్లనే. విడివిడిగా ఉండిపోతే అవి 41 'షార్ట్ సర్క్యూట్'లే.

చట్టం చేతిలో ఉన్న అస్త్రాలు

ఈ విషయంలో మన చట్టం బలహీనమైనదేమీ కాదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) ఏర్పడింది. ప్రమాదకరమైన, సురక్షితం కాని సరుకును వెనక్కి రప్పించాలని, కొన్నవారికి ధర తిరిగి ఇప్పించాలని ఆదేశించే అధికారం 20వ సెక్షన్ ఆ సంస్థకు ఇచ్చింది. లోపభూయిష్ట వస్తువు వల్ల ప్రాణ, ఆస్తి నష్టం జరిగితే తయారీదారు, అమ్మకందారు, సర్వీసు చేసినవారు బాధ్యత వహించాలని ఇదే చట్టం చెబుతోంది. ఐఎస్ఐ గుర్తు గల సరుకు ప్రమాణానికి తగినట్లు లేకపోతే అమ్మకం ఆపి, వెనక్కి రప్పించేలా ఆదేశించే అధికారం భారతీయ ప్రమాణాల సంస్థ చట్టం-2016 ప్రకారం ఆ సంస్థకూ ఉంది.

సీసీపీఏ ఈ అస్త్రాన్ని ప్రయోగించిన దాఖలాలూ ఉన్నాయి. నాణ్యత నియంత్రణ ఉత్తర్వుకు విరుద్ధంగా ప్రెషర్ కుక్కర్లు అమ్మిన ఆన్‌లైన్ సంస్థలపై 2022లో చర్యలు చేపట్టింది. అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్లను, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్లను వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఆ వివాదాలు ఢిల్లీ హైకోర్టుకు చేరినా, కొన్నవారందరికీ విషయం తెలియజేయాలని న్యాయస్థానం కూడా ఆదేశించింది.

ఇక్కడ గమనించవలసింది ఆ అంకెల కచ్చితత్వం. 2,265 అని ఒకట్ల స్థానం వరకు ఎలా తెలిసింది? ఆన్‌లైన్ కొనుగోలులో పేరు, చిరునామా, ఫోన్ నంబరు నమోదై ఉంటాయి కనుక తెలిసింది. మోటారు వాహనాల విషయంలోనూ అంతే. 2021 ఏప్రిల్ నుంచి లోపమున్న వాహనాలను తప్పనిసరిగా రీకాల్ చేయించే నిబంధనలు అమలులో ఉన్నాయి. ప్రతి వాహనానికీ ఛాసిస్ నంబరు ఉంటుంది, అది రవాణా శాఖ రికార్డులో యజమాని పేరుకు ముడిపడి ఉంటుంది. బండి చేతులు మారితే పేరూ మారుతుంది. అందువల్ల పిలుపు చేరవలసిన చోటికి చేరుతుంది.

బిల్లు లేని ఫ్రిజ్‌కు చిరునామా ఏది?

ఫ్రిజ్‌కు కూడా సీరియల్ నంబరు ఉంటుంది. దానికి ఏ రికార్డులోనూ యజమాని పేరు ముడిపడదు. పట్టణాల్లోని పెద్ద దుకాణాలు బిల్లుపై సీరియల్ నంబరు వేస్తాయి, వారంటీ నమోదు చేస్తాయి. నగదుకు కొనే చోట్ల, వాయిదాల మీద ఇచ్చే చిన్న దుకాణాల్లో వారంటీ కార్డు ఖాళీగానే ఇంటికి వస్తుంది. అది అట్టపెట్టెతో పాటు అటకెక్కుతుంది. కంపెనీకి తెలిసేది డీలరుకు ఎన్ని పంపిందన్నదే.

రెండో మజిలీలో ఆ కాస్త జాడ కూడా పోతుంది. దసరా, దీపావళి, సంక్రాంతికి జరిగే ఎక్స్ఛేంజ్ మేళాల్లో ఇచ్చేసిన పాత ఫ్రిజ్‌లు అన్నీ తుక్కు కిందకు వెళ్లవు. నడిచే స్థితిలో ఉన్నవి సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు, అక్కడి నుంచి పల్లెలకు, విద్యార్థుల గదులకు, టీ కొట్లకు, కూల్‌డ్రింక్ షాపులకు చేరతాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలో ఫ్రిజ్‌లూ ఉన్నాయి, కాలం తీరిన వాటి పునర్వినియోగ ప్రక్రియకు తయారీదారులే బాధ్యులు. కానీ వ్యర్థంగా లెక్కకు రాకముందే చేతులు మారే యంత్రం ఆ లెక్కలోకి రాదు. ఒకవేళ రేపు ఏదైనా మోడల్‌కు రీకాల్ వెలువడితే, ఆ పాత యంత్రాన్ని వాడుతున్న ఇంటికి ఆ కబురు చేరే మార్గం దాదాపు మూసుకుపోయినట్లే. వైరింగ్ సరిగా లేని, ఎర్తింగ్ లేని, వోల్టేజీ నిలకడ లేని ఇళ్లకు పాత యంత్రాలు చేరడం మరింత ఆందోళనకరం. ముప్పు ఎక్కువగా ఉన్న చోటే సమాచారం తక్కువగా ఉంది.

జిల్లా స్థాయిలోనే తొలి అడుగు

ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టంలోని 16, 17 సెక్షన్ల ప్రకారం వినియోగదారుల హక్కుల ఉల్లంఘనపై ఫిర్యాదును జిల్లా కలెక్టర్‌కే ఇవ్వవచ్చు. కలెక్టర్ విచారించి కేంద్ర ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. ఈ వెసులుబాటు ఉన్నదన్న సంగతి ఫిర్యాదుదారుల్లో ఎక్కువ మందికి తెలియదు. నష్టపరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్, సలహా కోసం 1915 హెల్ప్‌లైన్ ఎటూ ఉన్నాయి.

అగ్నిమాపక శాఖ చేయగలిగింది అంతకంటే సులువు, అంతకంటే విలువైనది. ఫ్రిజ్‌పై అనుమానమున్న ప్రతి ప్రమాదంలోనూ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, గ్యాస్ రకం, చివరి మరమ్మతు ఎప్పుడు, ఎవరు చేశారన్న ఐదు వివరాలను నివేదికలో తప్పనిసరిగా చేర్చాలి. కాలిన యంత్రాన్ని తుక్కువాడికి ఇవ్వకుండా పరీక్ష పూర్తయ్యేవరకు భద్రపరచాలి. వాణిజ్య సంఘాలు తలచుకుంటే, సీరియల్ నంబరు, కొన్నవారి ఫోన్ నంబరు లేని బిల్లు ఇవ్వబోమని తీర్మానించుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ అమ్మకానికీ అదే నియమం పెట్టుకోవచ్చు. తయారీదారుల విషయానికొస్తే, వాహనాలకు ఉన్నట్లే గృహోపకరణాలకూ ఉమ్మడి నమోదు వ్యవస్థను కేంద్రం తప్పనిసరి చేయాలి. నమోదు చేసుకోని యజమానికి వారంటీ ఎగ్గొట్టే సాకుగా అది మారకుండానూ చూడాలి.

పౌరుల బాధ్యత కూడా చిన్నదేమీ కాదు. వస్తువును అనధికారికంగా మార్చినా, తప్పుగా వాడినా తయారీదారు బాధ్యత నుంచి తప్పించుకునే వీలు చట్టంలోనే ఉంది. నూరు రూపాయలు ఆదా చేయబోయి అర్హత లేని చేత మరమ్మతు చేయిస్తే పోయేది భద్రతే కాదు, పరిహారం అడిగే హక్కు కూడా.

ఇంట్లో చూసుకోవలసినవి

- ఫ్రిజ్ లోపలి గోడపై గానీ వెనుక గానీ అంటించిన పట్టీలో మోడల్, సీరియల్ నంబరు, గ్యాస్ రకం, దాని బరువు ఉంటాయి. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి భద్రపరచుకోవాలి. ఆర్-600ఏ అని ఉంటే, వెనుక పసుపు త్రికోణంలో మంట గుర్తు ఉంటే అది మండే గ్యాస్ అని అర్థం. మెకానిక్‌కు ముందే చెప్పాలి.

- పాత ఫ్రిజ్ అయినా సరే కంపెనీ సేవాకేంద్రానికి ఫోన్ చేసి, ప్రస్తుత యజమానిగా పేరు, చిరునామా నమోదు చేయమని అడగాలి. ఆ మోడల్‌పై హెచ్చరికలేవైనా ఉన్నాయేమో కనుక్కోవాలి.

- ఎర్తింగ్ ఉన్న మూడు రంధ్రాల సాకెట్‌కు నేరుగా కలపాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో మిక్సీ, ఓవెన్‌లతో కలిపి పెట్టరాదు. ప్లగ్గు పట్టుకుంటే వేడిగా ఉన్నా, మాడిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపాలి.

- గోడకు ఆనించకుండా తయారీదారు చెప్పినంత ఖాళీ వదలాలి. ప్లగ్గు తీసి, వెనుక దుమ్ము తరచూ దులపాలి. ఎలుకలు చేరకుండా చూడాలి.

- ఫ్రీజర్‌లో మంచు తొలగించడానికి కత్తి, స్క్రూడ్రైవర్ వాడరాదు. సన్నని గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ లీకవుతుంది.

- వంటగ్యాస్ వాసన వస్తే ఫ్రిజ్‌తో సహా ఏ స్విచ్‌నూ వేయరాదు, తీయరాదు. కిటికీలు, తలుపులు తెరిచి, బయటికొచ్చి, వీలైతే ఇంటి వెలుపలి మెయిన్ వద్ద సరఫరా ఆపాలి.

- ఫ్రిజ్ నుంచి పొగ, మంట కనిపిస్తే నీళ్లు చల్లరాదు. అందరినీ బయటికి పంపి, గది తలుపు మూసి 101కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలి.

ఈ జాగ్రత్తలన్నీ పాటించినా తయారీలోనే దాగిన లోపాన్ని ఇల్లాలో, ఇంటి యజమానో కనిపెట్టలేరు. దాన్ని కనిపెట్టవలసింది ప్రమాదాల వివరాలను పోగుచేసే యంత్రాంగం. సరిదిద్దవలసింది తయారీదారు. ఆ ఇద్దరూ తమ పని చేసిన రోజున కూడా, కబురు అందవలసిన గడప ఏదో తెలిస్తేనే ప్రాణం నిలుస్తుంది. రీకాల్ ఉత్తర్వు విలువ అది చేరిన ఇళ్ల సంఖ్యను బట్టే ఉంటుంది.